రెండో మంగళవారం దాటాక వచ్చే గురువారం: కంప్యూటర్‌కు, బ్రౌజర్‌కు అప్‌డేట్లు వేసుకునే పద్ధతి

హనుమకొండలో కేయూ క్రాస్ రోడ్ దగ్గర మాది చిన్న ఆన్‌లైన్ సెంటర్. ఆరు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, ఒక స్కానర్. గోడ మీది క్యాలెండర్‌లో ప్రతి నెలా ఒక బుధవారానికి, ఆ పక్కనే గురువారానికి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంటుంది. హాల్‌టికెట్లు ప్రింట్ తీసుకోవడానికి వచ్చే పిల్లలు దాన్ని చూసి "చిట్టీ పాట ఆ రోజేనా అక్కా?" అని అడుగుతుంటారు. చిట్టీల ఊరు కాబట్టి ఆ అనుమానం సహజమే. అవి నా కంప్యూటర్లకు సెక్యూరిటీ అప్‌డేట్లు వేసుకునే రోజులు.

మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబర్ నుంచి ఒక పద్ధతి పెట్టుకుంది. విండోస్‌లో దొరికిన లోపాలకు రిపేర్లన్నీ కలిపి నెలకోసారి, రెండో మంగళవారం నాడు విడుదల చేస్తుంది. అది విడుదలయ్యేది అమెరికా పడమటి తీరంలో పొద్దున 10 గంటలకు, అంటే మనకు అదే రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. అంటే మన చేతికి అందేది బుధవారం పొద్దున. క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకునేవాళ్లు ఒకటి చూసుకోండి. రెండో బుధవారం అని లెక్కపెడితే ఒక్కోసారి తప్పుతుంది. 1వ తేదీ బుధవారం వచ్చిన నెలలో రెండో బుధవారం 8న వస్తుంది, రెండో మంగళవారం మాత్రం 14న. ముందు మంగళవారాన్నే లెక్కపెట్టి, దాని పక్క రోజుకు సున్నా చుట్టండి.

ఈ పట్టుదల నాకు ఎక్కడ మొదలైందో చెప్పి, పద్ధతిలోకి వస్తాను.

2017 మే 12, శుక్రవారం. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ ఆఖరుకు వచ్చింది. సాయంత్రం ఆరు దాటాక అడ్తి దుకాణం నడిపే కాక ఫోన్ చేశాడు. మా నాన్నకు చిన్ననాటి దోస్తు. "బిడ్డా, కంప్యూటర్ తెర మొత్తం ఎర్రగ అయ్యి కూసున్నది. నేనైతే ఏం ముట్టలే. రైతుల లెక్కలన్నీ అండ్లనే ఉన్నయి, జర జల్ది రా." స్కూటీ మీద వెళ్లేసరికి ఘాటుకు కళ్లు మండుతున్నాయి, దడువాయిలు ఆఖరి బస్తాలు తూస్తున్నారు. లోపల గల్లాపెట్టె పక్కన కంప్యూటర్ తెర మీద ఎర్రటి కిటికీ. ఎడమ పక్కన రెండు గడియారాలు వెనక్కి లెక్కపెడుతున్నాయి. 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టాలి, మూడు రోజులు దాటితే రెట్టింపు, వారం దాటితే ఫైళ్ల మీద ఆశ వదులుకోవాలి. ఫోల్డర్ తెరిచి చూస్తే ప్రతి ఫైల్ పేరు చివర కొత్త తోక, డబ్ల్యూఎన్‌సీఆర్‌వై అని. గుమస్తా కూర్చునే రెండో కంప్యూటర్‌లోనూ అదే ఎర్ర కిటికీ. రెండింటినీ కలుపుతూ గోడ వెంబడి ఒక్క తీగ ఉంది, అంతే.

ఆ రోజు అది ఒక్క ఎనుమాముల గోస కాదని రాత్రి టీవీ చూశాక తెలిసింది. వన్నాక్రై అన్నారు దాన్ని. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు తాళం వేసింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాల్సి వచ్చింది.

కాక నిజంగానే ఏమీ ముట్టలేదు. ఏ మెయిలూ తెరవలేదు, ఏ లింకూ నొక్కలేదు. వన్నాక్రై ప్రత్యేకత అదే. విండోస్ కంప్యూటర్లు తమలో తాము ఫైళ్లు పంచుకునే ఏర్పాటులో ఒక లోపం ఉంది. ఆ లోపం గుండా అది ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తనంతట తానే పాకుతుంది. కాక దుకాణంలో కేబుల్ నెట్ తీగ మధ్యలో రౌటర్ లేకుండా నేరుగా కంప్యూటర్‌కే తగిలించి ఉంది. బయటి నుంచి ఎవరు తట్టినా తలుపు తీసే స్థితి.

నెట్ తీగ పీకేసి అప్‌డేట్ల చరిత్ర తెరిచాను. ఆఖరి వరుసలో ఉన్న తేదీ 2015 నవంబర్. కంప్యూటర్ బిగించినతను, నెట్ ఊకే అయిపోతుందని, స్లో అవుతుందని చెప్పి అప్‌డేట్లను పూర్తిగా బంద్ చేసి పోయాడట. ఆ లోపానికి రిపేరు 2017 మార్చి 14నే వచ్చింది. ఉచితంగా వచ్చింది. కాక వాడే విండోస్ 7కూ వచ్చింది. దాని పేరు ఎంఎస్17-010. దాడికి ముందు 59 రోజుల వ్యవధి ఉంది. ఆ 59 రోజుల్లో ఏ ఒక్క రాత్రి ఆ కంప్యూటర్ దాన్ని దింపుకుని రీస్టార్ట్ అయి ఉన్నా ఆ ఎర్ర కిటికీ వచ్చేది కాదు.

పైసలు కట్టవద్దన్నాను, కాక కట్టలేదు. బ్యాకప్ ఉన్న పెన్‌డ్రైవ్ సంక్రాంతి నాటిది. ఆ తర్వాతి నాలుగు నెలల లెక్క, అంటే సీజన్ మొత్తం, కాగితం తక్‌పట్టీల (సరుకు లెక్క రాసి రైతుకిచ్చే చీటీల) రెండో ప్రతుల్లోంచి మళ్లీ ఎక్కించాం. నేను, గుమస్తా, డిగ్రీ చదివే ఆయన బిడ్డ కలిసి పదకొండు రాత్రులు కూర్చున్నాం. పర్కాల పక్క ఊరి రైతు ఒకాయన తన తక్‌పట్టీని నాలుగు మడతలు పెట్టి బీడీల కట్టతో పాటు జేబులో దాచుకున్నాడు. దాన్ని మా ముందు విప్పి, నలిగిన అంకెను వేలితో సవరించి చూపించాడు. ఆ వేలు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. అప్‌డేట్ అంటే కంప్యూటర్ సంగతి అనుకునేదాన్ని. ఆ లెక్కలో ఎవరెవరి పైసలు ఉన్నాయో అప్పుడు కళ్లారా చూశాను.

రిపేరు విడుదలైన రోజు నుంచే ప్రమాదం ఎందుకు పెరుగుతుంది?

చెరువు కట్ట తెలిసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. కట్టకు ఎండ్రికాయ బొక్క పడితే మొదట ఎవరికీ కనబడదు. వానకాలంలో అదే బుంగ అయి కట్ట తెగుతుంది. ఇప్పుడు ఒకే మేస్త్రి, ఒకే కొలతలతో, లక్ష ఊళ్లలో లక్ష కట్టలు పోశాడనుకోండి. ఒక ఊళ్లో బుంగ కనబడి అక్కడ ఇసుక బస్తాలు వేశారు. ఆ బస్తాలను చూసినవాడికి మిగతా ఊళ్ల కట్టలకు బలహీనత ఎక్కడుందో తెలిసిపోయినట్టే. సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా ఇదే జరుగుతుంది. దొంగలు పాత ఫైల్‌ను, రిపేరు చేసిన కొత్త ఫైల్‌ను పక్కపక్కన పెట్టి ఏ వరుస మారిందో చూస్తారు. మారిన చోటే లోపం. ఆ లోపానికి సరిపోయే దాడి తయారు చేసి, ఇంకా అప్‌డేట్ వేసుకోని కంప్యూటర్ల కోసం వెతుకుతారు. అందుకే "వచ్చే నెల చూద్దాం" అనేది పనికిరాదు. మంగళవారం దాటాక రెండు మూడు రోజుల్లో వేసుకోవాలి. ఒక్కోసారి రిపేరు రాకముందే దొంగలు ఆ లోపాన్ని వాడుతూ ఉంటారు. అట్లాంటిది ఉందని వార్తల్లో కనబడితే ఆ రోజే వేయాలి.

విండోస్‌లో ఏం చేయాలి?

మొదట బ్యాకప్. అవసరమైన ఫోల్డర్లను పెన్‌డ్రైవ్‌కో బయటి హార్డ్‌డిస్క్‌కో కాపీ చేయండి. చేశాక దాన్ని ఊడదీసి బీరువాలో పెట్టండి. తగిలించే ఉంచితే, తాళం పడే రోజు దానికీ పడుతుంది. నేను రెండు పెన్‌డ్రైవ్‌లు పెట్టుకుని ఒక నెల ఒకటి, ఇంకో నెల ఇంకోటి వాడతాను.

తర్వాత స్టార్ట్ నొక్కి సెట్టింగ్స్ తెరవండి. విండోస్ 11లో ఎడమ పక్క వరుసలో అన్నిటికంటే కింద 'విండోస్ అప్‌డేట్' ఉంటుంది. విండోస్ 10లో 'అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ' లోపల ఉంటుంది. 'చెక్ ఫర్ అప్‌డేట్స్' నొక్కండి. నాలుగైదు నెలలుగా వేయలేదని భయపడే పనిలేదు. ఈ నెల అప్‌డేట్‌లోనే పాత నెలల రిపేర్లన్నీ కలిసి ఉంటాయి, ఒక్కటి దింపితే చాలు. నెల ఆఖరు వారంలో 'ప్రివ్యూ' అనే పేరుతో ఇంకోటి కనబడుతుంది. అది సెక్యూరిటీది కాదు, కొత్త సౌకర్యాలు ముందుగా రుచి చూపించేది. దుకాణం కంప్యూటర్‌కు దాని అవసరం లేదు, వదిలేయండి.

ఊళ్లలో ఫోన్ హాట్‌స్పాట్‌తో నడిపేవాళ్లకు ఒక మాట. డేటా ఆదా కావాలని ఆ వైఫైని 'మీటర్డ్ కనెక్షన్'గా పెట్టుకుని ఉంటే చాలా అప్‌డేట్లు వాటంతట అవి దిగవు, ఆగి ఉంటాయి. నెలకో రోజు, డేటా మిగిలి ఉన్న రాత్రి, ఆ మీటను ఆపి దింపుకోండి. లేదా లాప్‌టాప్‌ను వైఫై ఉన్న చుట్టాలింటికి తీసుకుపోండి.

ఇప్పుడు అందరూ పొరపాటు పడే చోటికి వద్దాం. అప్‌డేట్ దిగినంత మాత్రాన వేసినట్టు కాదు. కంప్యూటర్ రీస్టార్ట్ అయితేనే పాత ఫైళ్లు పోయి కొత్తవి వాటి చోట కూర్చుంటాయి. మన దగ్గర మామూలుగా ఏం చేస్తాం? రాత్రి తొమ్మిదింటికి షట్‌డౌన్ కొట్టి, మెయిన్ స్విచ్ బంద్ చేసి, షట్టర్ దింపుతాం. లాప్‌టాప్ అయితే మూత మూసేస్తాం, అది నిద్రపోతుంది తప్ప ఆగదు. పోనీ షట్‌డౌన్ కొట్టినా, చాలా విండోస్ కంప్యూటర్లలో 'ఫాస్ట్ స్టార్టప్' అనే ఏర్పాటు ముందే ఆన్ చేసి వస్తుంది. పొద్దున తొందరగా తెరుచుకోవడానికి అది విండోస్ గుండెకాయ భాగాన్ని ఉన్నది ఉన్నట్టు డిస్క్‌లో దాచి, పొద్దున దాన్నే తిరిగి లేపుతుంది. రోజూ షట్‌డౌన్ కొడుతున్నా నెలల తరబడి నిజమైన రీస్టార్ట్ జరగని కంప్యూటర్లు నా దగ్గరకు వస్తుంటాయి. 'రీస్టార్ట్' నొక్కినప్పుడు మాత్రం ఈ దాపరికం ఉండదు. కాబట్టి పవర్ గుర్తు దగ్గర 'అప్‌డేట్ అండ్ రీస్టార్ట్' అని కనబడితే దాన్నే నొక్కండి. శాతాలు లెక్కపెడుతూ నీలం తెరో నల్ల తెరో వస్తుంది, మళ్లీ లాగిన్ తెర వచ్చేదాకా అక్కడే ఉండండి.

ఆ శాతాలు నడుస్తున్నప్పుడు మెయిన్ స్విచ్ ముట్టొద్దు. ఎండకాలం గాలిదుమారాలకు కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, అందుకని యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కు మబ్బు పట్టిన సాయంత్రం అప్‌డేట్ మొదలుపెట్టొద్దు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు వేయండి. లాప్‌టాప్ అయితే చార్జర్ తగిలించి వేయండి. మధ్యలో కరెంటు పోయినా చాలాసార్లు విండోస్ తనే వెనక్కి తగ్గి పాత స్థితికి వస్తుంది. కానీ ఆ వెనక్కి తగ్గే పని సగంలో కూడా కరెంటు పోతే మాత్రం తిప్పలే.

పని మధ్యలో అదే రీస్టార్ట్ అయి దరఖాస్తు పోగొడుతుందని చాలామంది అప్‌డేట్లను పూర్తిగా ఆపించుకుంటారు. ఆపాల్సిన పనిలేదు. విండోస్ అప్‌డేట్ లోపల 'యాక్టివ్ అవర్స్' ఉంటుంది. దుకాణం తెరిచి ఉండే వేళలు అందులో పెట్టండి. నేను పొద్దున 8 నుంచి రాత్రి 10 దాకా పెట్టుకున్నాను, ఆ మధ్యలో అది తనంతట తాను రీస్టార్ట్ కాదు. ఏదైనా పెద్ద పని ఉన్న వారం 'పాజ్' నొక్కి ఒక వారం ఆపుకోవచ్చు. ఆపిన వారం దాటగానే మాత్రం వేసేయాలి.

"అప్‌డేట్ వేస్తే ఉన్నది కూడా ఖరాబైతది" అనే భయానికి కారణం లేకపోలేదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ తన భద్రతా సాఫ్ట్‌వేర్‌కు పంపిన ఒక తప్పు ఫైల్ వల్ల ప్రపంచం మొత్తంలో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరతో పడిపోయాయి. విమానాలు ఆగాయి, బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అది విండోస్ నెలవారీ అప్‌డేట్ కాదు. అది పెద్ద కంపెనీలు కొనుక్కునే సాఫ్ట్‌వేర్, మన దుకాణాల్లో ఉండదు. అయినా దాన్నుంచి నేను నేర్చుకున్నది ఒకటుంది: అన్నిటికీ ఒకేసారి వేయొద్దు. బుధవారం పొద్దున మూలన ఉన్న ఆరో కంప్యూటర్‌కు మాత్రమే వేస్తాను. ఆ రోజంతా దాని మీదే ప్రింట్, స్కాన్, వేలిముద్ర యంత్రం, తెలుగు టైపింగ్ అన్నీ చేసి చూస్తాను. సమస్య లేకపోతే గురువారం దుకాణం ఒక గంట ముందే తెరిచి మిగతావాటికీ వేస్తాను. క్యాలెండర్ మీద రెండు సున్నాలు ఉన్నది అందుకే. ఒక్కటే కంప్యూటర్ ఉన్నవాళ్లు గురువారమో శుక్రవారమో వేసుకుంటే సరిపోతుంది.

బ్రౌజర్ దగ్గర ఇంకా జాగ్రత్త

విండోస్ నెలకోసారి. బ్రౌజర్‌కు అంత తీరిక లేదు. క్రోమ్ 2023 ఆగస్టు నుంచి వారం వారం సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తోంది. ఎందుకంటే బయటి ప్రపంచం నుంచి వచ్చే ప్రతిదాన్నీ, అక్షరాలు, బొమ్మలు, వీడియోలు, ప్రకటనలు, మొదట అందుకునేది బ్రౌజరే.

ఒక ఉదాహరణ చెబుతాను. 2023 సెప్టెంబర్‌లో వెబ్‌పీ అనే బొమ్మల పద్ధతిని చదివే చిన్న లైబ్రరీలో, అంటే చాలా ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే కోడ్ ముక్కలో, లోపం బయటపడింది. ప్రత్యేకంగా తయారుచేసిన ఒక బొమ్మ ఉన్న పేజీ తెరిస్తే చాలు, ఆ బొమ్మను తెర మీద గీసే ప్రయత్నంలో బ్రౌజర్ తనకు కేటాయించిన చోటు దాటి రాసేస్తుంది. ఆ దాటిన రాతల్లోంచి దొంగ తన పని చేయించుకుంటాడు. డౌన్‌లోడ్ చేయక్కర్లేదు, నొక్కక్కర్లేదు. ఆ లైబ్రరీనే క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ అన్నీ వాడతాయి, అందుకే అన్నీ వరుసగా రోజుల తేడాలో రిపేరు విడుదల చేశాయి. క్రోమ్‌ది సెప్టెంబర్ 11న వచ్చింది, ఫైర్‌ఫాక్స్‌ది మరుసటి రోజు. అప్పటికే ఆ లోపాన్ని దొంగలు వాడుతున్నారని గూగుల్ తన ప్రకటనలోనే చెప్పింది. "నేను పిచ్చి పిచ్చి సైట్లు చూడను" అనే మాట ఇక్కడ నిలవదు. మంచి సైట్‌లోనూ ప్రకటన రూపంలో ఒక బొమ్మ రావచ్చు.

క్రోమ్‌లో కుడి పక్క పైన మూడు చుక్కలుంటాయి. నొక్కి, 'హెల్ప్', అందులో 'అబౌట్ గూగుల్ క్రోమ్'. ఆ పేజీ తెరిస్తేనే అది వెతకడం మొదలుపెడుతుంది. కొత్తది దిగాక 'రీలాంచ్' అని బటన్ వస్తుంది. అది నొక్కితేనే పని పూర్తి. ఎడ్జ్‌లో మూడు చుక్కలు, 'హెల్ప్ అండ్ ఫీడ్‌బ్యాక్', 'అబౌట్ మైక్రోసాఫ్ట్ ఎడ్జ్'. ఫైర్‌ఫాక్స్‌లో మూడు గీతలు, 'హెల్ప్', 'అబౌట్ ఫైర్‌ఫాక్స్'.

ఇక్కడ కూడా జబ్బు అదే, మూయకపోవడం. బ్రౌజర్ అప్‌డేట్‌ను తనంతట తానే దింపి పెట్టుకుంటుంది, కానీ పూర్తిగా మూసి తెరిస్తేనే ఎక్కుతుంది. నలభై ట్యాబులు తెరిచి లాప్‌టాప్ మూత మూస్తూ తెరుస్తూ నెల గడిపేవాళ్లను చూశాను. వాళ్ల దగ్గర కొత్త తాళం పెట్టెలోనే ఉంది, తలుపుకు పాతదే వేలాడుతోంది. క్రోమ్‌లో ఆ మూడు చుక్కల దగ్గర రంగు మారడం, 'అప్‌డేట్' అనే మాట రావడం గమనించండి. ఆకుపచ్చ అంటే ఈ మధ్యే వచ్చింది, నారింజ అంటే నాలుగు రోజులైంది, ఎరుపు అంటే వారం దాటింది. రీలాంచ్ నొక్కితే ట్యాబులన్నీ తిరిగి వస్తాయి, పోతాయని భయం వద్దు. రెండు మాత్రం పోతాయి: ఇన్‌కాగ్నిటో కిటికీలు, సగం నింపిన దరఖాస్తులు. మా దగ్గర స్కాలర్‌షిప్ ఫారాలు సగంలో ఉంటాయి కాబట్టి, నేను పొద్దున మొదటి కస్టమర్ రాకముందే ఆరింటిలోనూ రీలాంచ్ కొడతాను. ఆరింటికీ కలిపి పది నిమిషాలు పట్టదు.

ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు కూడా చూడండి. ఎప్పుడో పీడీఎఫ్ మార్చడానికి వేసుకుని మరిచిపోయినవి తీసేయండి. మీరు చూసే ప్రతి పేజీని చదివే అధికారం వాటిలో చాలావాటికి ఉంటుంది.

పోయిన ఎండకాలం ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్ల రోజుల్లో ఒక పిల్లవాడు లాప్‌టాప్ పట్టుకుని పరుగున వచ్చాడు. "అక్కా, క్రోమ్ పాతదైందంట, అప్‌డేట్ కొట్టమంటంది, కొట్టన్నా?" చూస్తే ఆ మాట అంటున్నది క్రోమ్ కాదు, ఏదో సినిమా సైట్ పేజీ. మధ్యలో పెద్ద నీలం బటన్, కింద క్రోమ్ గుర్తు, అచ్చం అసలుదే అన్నట్టు. అప్పటికే ఒక ఫైల్ డౌన్‌లోడ్ ఫోల్డర్‌లో దిగి ఉంది, అదృష్టం కొద్దీ తెరవలేదు. ఆ ఫైల్‌ను తీసేసి, ట్యాబ్ మూసేసి, మూడు చుక్కల దారిలో పోయి చూపించాను. అతని క్రోమ్ అప్పటికే కొత్తది. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి: మీరు చూస్తున్న పేజీ ఎప్పుడూ మీ బ్రౌజర్‌ను అప్‌డేట్ చేయదు. అప్‌డేట్ బ్రౌజర్ మెనూ లోపలే ఉంటుంది. ఫోన్ చేసి "మీ విండోస్‌కు లోపం ఉంది, ఈ యాప్ వేసుకోండి" అనేవాడు మైక్రోసాఫ్ట్ మనిషి కాడు.

అప్‌డేట్లు రావడమే ఆగిపోయిన కంప్యూటర్లు

ఇది నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతి, ఎందుకంటే జవాబులో ఖర్చు ఉంది. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో, 8.1కి 2023 జనవరి 10తో అప్‌డేట్లు ఆగాయి. ఈ 7, 8.1 మీద క్రోమ్ 109 దగ్గరే నిలిచిపోయింది. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మామూలు గడువు తీరింది. ఇంటి కంప్యూటర్లకు మాత్రం 2026 అక్టోబర్ 13 వరకు పొడిగింపు ఇచ్చారు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే 'ఎన్‌రోల్' అని కనబడుతుంది, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే పైసలు అడగదు. విండోస్ 11కు పోవాలంటే ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, 4 జీబీ ర్యామ్ కావాలి. లేని కంప్యూటర్‌లోకి అడ్డదారిలో ఎక్కించి ఇస్తామనేవాళ్లున్నారు. అట్లా ఎక్కించినదానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. మన అవసరమే అప్‌డేట్లు అయినప్పుడు ఆ దారి నాకు నచ్చదు.

నా ఆరింటిలో రెండు పాతవి. వాటిలో విండోస్ బదులు ఉబుంటు 24.04 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను, 2029 దాకా దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఉచితంగా వస్తాయి. 'సాఫ్ట్‌వేర్ అప్‌డేటర్' తెరిచి 'ఇన్‌స్టాల్ నౌ' నొక్కడమే. బ్రౌజింగ్‌కు, ప్రింట్‌కు, పిల్లల ప్రాజెక్ట్ టైపింగ్‌కు హాయిగా నడుస్తున్నాయి. వేలిముద్ర యంత్రం, డిజిటల్ సంతకం పనులు మాత్రం విండోస్ కంప్యూటర్ల మీదే చేస్తాను.

పెండ్లి పత్రికలు, కరపత్రాలు వేసే ప్రెస్సుల వాళ్ల ఇబ్బంది వేరు. అను ఫాంట్లు, పేజ్‌మేకర్, పాత ప్రింటర్ డ్రైవర్ అన్నీ ఆ ఎక్స్‌పీ మీదే కుదిరి ఉంటాయి, కదిపితే చేతిపని పోతుంది. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఆ కంప్యూటర్‌ను ఉంచుకోండి, నెట్ తీగ మాత్రం పీకేయండి. వైఫై డాంగిల్ ఉంటే తీసి డ్రాయర్‌లో వేయండి. మెయిళ్లు, వాట్సాప్ ఫైళ్లు కొత్త కంప్యూటర్‌లో తీసుకుని, స్కాన్ చేసిన పెన్‌డ్రైవ్‌తో పాతదాంట్లోకి తెచ్చుకోండి. ఇద్దరు ప్రెస్సు యజమానులు ఈ పద్ధతికి మారారు, వాళ్ల పనికి ఏ అడ్డంకీ రాలేదు.

క్రాక్ చేసిన విండోస్ గురించి కూడా దాచకుండా చెప్పాలి. అది ఎక్కించేటప్పుడు మొదట యాంటీవైరస్ ఆపమంటుంది, చాలాసార్లు అప్‌డేట్లను కూడా ఆపేసి పోతుంది. ఇంటికి తాళం వేయడానికి వచ్చినవాడు మారుతాళం చెవి తన దగ్గర పెట్టుకున్నట్టే. లైసెన్స్‌కు పైసలు లేకపోతే ఉబుంటు తప్పు కాదు.

ఫోన్‌లో సెట్టింగ్స్ లోపల సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ ఉంటుంది. ఆ తేదీ రెండేళ్ల పాతదైతే ఆ ఫోన్‌లో బ్యాంకు యాప్ వద్దు. రౌటర్‌తో పాటు వచ్చిన పాస్‌వర్డ్ మార్చి, దాని పేజీలో ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే వేయించండి.

ఇంత చేసినా ఎప్పుడైనా ఫైళ్లకు తాళం పడితే మొదట నెట్ తీగ పీకండి, వైఫై ఆపండి, పక్క కంప్యూటర్లను కూడా వేరు చేయండి. తాళం పడిన ఫైళ్లను చెరపొద్దు. 'నో మోర్ రాన్సమ్' అనే సైట్‌ను యూరప్ దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు కొన్ని కంపెనీలతో కలిసి 2016 నుంచి నడుపుతున్నారు. కొన్ని రకాల తాళాలకు అక్కడ ఉచితంగా చెవులు దొరుకుతాయి. వేరే కంప్యూటర్ నుంచి చూడండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో శుభ్రం చేసే ఉచిత పరికరాలున్నాయి. ఖాతాలోంచి పైసలు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

కాక ఇప్పుడు విండోస్ 11 కంప్యూటర్ కొన్నాడు, మధ్యలో రౌటర్ పెట్టించాడు. సున్నా చుట్టిన గురువారం పొద్దున ఎనిమిదింటికి, మార్కెట్‌లో పాట మొదలు కాకముందు, గుమస్తా ఫోన్ నుంచి నాకు ఒక ఫోటో వస్తుంది. తెర మీద ఆకుపచ్చ టిక్, పక్కన 'యూ ఆర్ అప్ టు డేట్', కింద ఆ రోజు తేదీ. పోయిన నెల ఫోటో తొమ్మిదిన్నర దాకా రాలేదు. నేనే ఫోన్ చేస్తే కాక ఎత్తి, "ఆగు బిడ్డా, ఇంకా 74 శాతంల ఉన్నది, పిలగాన్ని స్విచ్చి దిక్కు పోనిస్తలేను" అన్నాడు.